మడిచీర మీద నల్లని గుండ్రం

నమోదు 327. కార్తీక శుద్ధ చవితి

ఇవాళ్టి సంగతి రాయాలంటే మొన్నటి ఉదయం నుంచి మొదలుపెట్టాలి. మొన్నటిది మామూలు ఉదయం.

నాలుగున్నరకు లేచాను. తలస్నానం చేసి, ముందురోజు కట్టి విడిచిన మడిచీర ఉతికి, పిండి, డాబా మీదికి తీసుకెళ్ళాను. దండెం మీద ఆరిన చీరను కర్రతో దించి కట్టుకుని, తడిచీరను రెండు మడతలుగా ఆ కర్రతోనే దండెం మీదికి ఎక్కించాను. నాకు రెండు మడిచీరలు. ఒంటి మీద ఒకటుంటే దండెం మీద ఒకటి ఉంటుంది. తులసి దగ్గర దీపం పెట్టాను. కృష్ణ మీద మంచు ఉంది. అవతలి గట్టు కనిపించలేదు.

ఆరున్నరకు పెట్టె దగ్గరికి వెళ్ళాను. యూనివర్సిటీ వాళ్ళ గాలిపెట్టె అది. మా చెల్లెలు విశాలి పోయిన మార్గశిరంలో తెచ్చి బిగించింది. రాత్రీ పగలూ గాలి పీలుస్తుంది. గాలిలోని ధూళి లోపలి కాగితపు బిళ్ళ మీద చేరుతుంది. రోజూ ఉదయం పట్టకారుతో పాత బిళ్ళ తీసి, కొత్త బిళ్ళ పెట్టి, పెట్టె చూపించిన అంకెను ఈ పుస్తకంలో ఎడమ పేజీ మీద రాసి, ఏడు లోపల పంపాలి. పంపే మీట నొక్కేది నేనే. కుడి పేజీ విశేషాలకు. మూడు వందల ఇరవై ఆరు రోజులుగా కుడి పేజీ మీద ‘విశేషం లేదు’ అనే రాశాను.

మొన్నటి అంకె పదకొండు. పంపాను.

ఏడున్నరకు వీధి మొదట్లో పలక వెలిగింది. ‘పాత ఉప్పు వీధి, నేటి వంతు 104 బండ్లు.’ తోలేవాడు లేని సరుకుల మోతబండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పొగ ఉండదు. చప్పుడూ పెద్దగా ఉండదు. టైర్లు రోడ్డును రాచుకునే సన్నని సవ్వడి, అంతే. మా చిన్నతనంలో లారీల పొగకు చేతిరుమాలు నల్లబడేది. ఇప్పుడు పొగ పోయింది. టైర్ల నుంచి, బ్రేకుల నుంచి రాలే పొడి మాత్రం పోలేదు. విశాలి పరిశోధన దాని మీదే. ఎక్కడ గాలి బాగుందో ఆ వీధికి ఎక్కువ బండ్లు, బాగాలేని చోటికి తక్కువ. అంకె నలభై దాటిన వీధికి ఒక్కటీ రాకూడదు. పెట్టె రాకముందు మా వీధికి పద్ధెనిమిది బండ్లు వచ్చేవి.

కింద ఇస్త్రీ మస్తానయ్య బల్ల వేసుకుంటున్నాడు. దగ్గి, ఆగి, మళ్ళీ దగ్గి పైకి చూశాడు.

“ఏమంటాంది అక్కగారూ మీ పెట్టె?”

“పదకొండు.”

“పదకొండంటే మంచిదేగా?”

“మంచిదే.”

“అయితే దగ్గు నాదేలెండి, గాలిది కాదు” అని నవ్వాడు.

పాత బిళ్ళను కవరులో పెట్టి, పెట్టె మూతి తుడుద్దామని వంగాను. పమిట ముందుకు జారింది. పమిట మీద నల్లని గుండ్రం ఉంది. ఎదురుగా పెట్టె మూతి. అదీ గుండ్రమే. కొలిచినట్టు రెండూ ఒకటే.

ఆ మచ్చ నాకు కొత్త కాదు. నెలల తరబడి చూస్తున్నాను. దీపపు మసి అనుకుని కుంకుడుకాయ వేసి రుద్దుతున్నాను. చీకట్లో కట్టుకుంటాను, చీకట్లో ఉతుకుతాను. మచ్చనూ మూతినీ ఒకే వెలుతురులో, ఒకే చూపులో చూడటం మొన్ననే.

దండెం సరిగ్గా పెట్టె ముందు ఉంది. పెట్టె నా చీరలోంచి గాలి పీలుస్తోంది.

బిగించిన రోజున విశాలి చెప్పింది: “పెద్దక్కయ్యా, దీని చుట్టూ నాలుగు మూరల మేర ఏమీ ఉండకూడదు.” నేను చెప్పుల స్టాండు తీయించాను. చెత్తబుట్ట తీయించాను. పావురాల గూడు తీయించాను. ఎవరినీ ఆ వైపు రానివ్వలేదు. ఎవరూ రారు కనుక మడి ఆరేయడానికి అంతకన్నా మంచి చోటు లేదనిపించి, నెల తిరగకముందే దండెం అక్కడికి మార్చాను. ఏమీ ఉండకూడదంటే మురికి ఏమీ ఉండకూడదని అనుకున్నాను. మడిచీర అందులోకి వస్తుందని నాకు తోచనే లేదు.

నిన్న చీర దేవుడి గదిలో ఆరేశాను. దండెం ఖాళీగా ఉంచాను.

ఇవాళ ఉదయం పెట్టె అరవై మూడు చూపించింది.

బిళ్ళ బయటికి తీస్తే కాటుకలా ఉంది. ఇన్నాళ్ళూ నేను కవర్లలో పెట్టినవి బూడిదరంగు కూడా తిరగనివి.

ఆరూ యాభైకి విశాలి ఫోను చేసింది.

“పెద్దక్కయ్యా, నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్తున్నావా? నా పేరు మీద కూడా పాలు పొయ్యి. నగర సభ పున్నమి మర్నాడు పెట్టారు. మన వీధి లాంటి ఏటి వీధులు ఇంకో నలభైకి బండ్లు ఒప్పుకుంటారట. పన్నెండు పెట్టెలు పెట్టానా, పదకొండు చోట్ల ఊళ్ళకు పోయారు, మర్చిపోయారు, మూత పెట్టడం మానేశారు. ఒక్క రోజు తప్పనిది నీదొక్కటే. దాన్ని పట్టుకునే మిగతావన్నీ సరిచూశాను. నువ్వు లేకపోతే నా పత్రమే లేదు.”

“సరే అమ్మా” అన్నాను.

“ఇవాళెంత?”

“పన్నెండు.”

పన్నెండు అని రాశాను. పన్నెండు అని పంపాను. నల్ల బిళ్ళను దేవుడి గదిలో రాములవారి పటం వెనక దాచాను. కవరులో తెల్ల బిళ్ళ పెట్టాను. తడిచీర తీసుకెళ్ళి మళ్ళీ దండెం మీద వేశాను.

పుట్ట దగ్గరికి వెళ్ళలేదు. పాలు తోడు పెట్టాను.

నమోదు 328. పంచమి

పదకొండు. 112 బండ్లు.

ఎడమ పేజీ అబద్ధం చెబుతున్నప్పుడు కుడి పేజీ అయినా నిజం చెప్పాలని రాస్తున్నాను. ఇది ధైర్యం కాదు. నెలాఖరు దాకా ఈ పుస్తకం ఎవరూ తెరవరు.

విశాలి పత్రం గురించి నాకు తెలిసింది ఇంతే. ఏటి ఒడ్డు ఇరుకు వీధుల్లో నీటి మీది గాలి వచ్చి పొడిని కడిగేస్తుందని, అందుకే మా వీధిలో ఇన్ని బండ్లు తిరిగినా అంకె పెరగలేదని రాసింది. అలాంటి వీధులు మరో నలభై ఉన్నాయి. ఊరి సరుకంతా వాటిలోంచి తిప్పవచ్చని చెప్పింది.

గాలిని కడిగింది ఏరు కాదు. తొమ్మిది గజాల నూలు.

అమ్మ పోయేనాటికి విశాలికి నాలుగేళ్ళు. దాని చేత అక్షరాలు దిద్దించింది నేను. తప్పు రాస్తే పలక తుడిచి మళ్ళీ రాయించేదాన్ని.

నమోదు 330. సప్తమి

పది. 118 బండ్లు.

చీర నిన్న ఇంకో మడత వేసి ఆరేశాను. ఎందుకో రాయనక్కరలేదు.

పొద్దున మస్తానయ్య ఇంట్లో గొడవ. వాళ్ళ వాకిలి మా మెట్ల కిందే. అతని భార్య సైదమ్మ గొంతు వీధంతా వినిపించింది.

“జేబులో చూపించు! అగ్గిపెట్టె ఏది?”

“పొయ్యి దగ్గరుంది చూడవే. బీడీ మానేసి ఏడు నెల్లయింది. నీ మీదొట్టు.”

“నా మీద ఒట్టెయ్యమాక, నేను బతకాలి. మానేస్తే ఈ దగ్గేంది? రాత్రంతా దగ్గుతానే ఉండావు.”

“గాలే, గాలి!”

“ఏం గాలి? అక్కగారి పెట్టె రోజూ చెబతానే ఉందిగా మంచి గాలని! పెట్టె అబద్ధం చెబుద్దా? అక్కగారు అబద్ధం రాస్తారా? అబద్ధమాడేది నువ్వే!”

అప్పుడే నేను దీపం తీసుకుని బయటికి వచ్చాను. ఇద్దరూ తల ఎత్తి చూశారు.

“మీరు చెప్పండి అక్కగారూ” అంది సైదమ్మ. “వీధిలో గాలి బాగుందా, బాలేదా?”

చేతిలో దీపం ఉంది.

“పది చూపిస్తోంది” అన్నాను.

“విన్నావా!” అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మస్తానయ్య బల్ల దగ్గర కూర్చుని మా తమ్ముడు నరహరి చొక్కా విదిలించాడు. కాలరు వేలితో రాసి చూసుకున్నాడు. వేలు నల్లబడింది. దాన్ని లుంగీకి తుడుచుకుని, “మీ తమ్ముడుగారి చొక్కా ఇంకోసారి ఉతికి ఇస్తానండి” అన్నాడు. తప్పు తనదైనట్టు.

ఇవాళ లలితా సహస్రనామం చదువుతుంటే మధ్యలో ఎక్కడున్నానో తెలియలేదు. మళ్ళీ మొదటినుంచి చదివాను. మళ్ళీ తప్పింది.

నమోదు 333. దశమి

పదకొండు. 118.

నరహరి హారతి కర్పూరం కోసం వెతుకుతూ పటం కదిపాడు. బిళ్ళ కింద పడింది.

నరహరి పనిచేసేది మోతబండ్ల దొడ్డిలో. ఏ బండి ఏ వీధికి పోవాలో చూసుకునే ఉద్యోగం. చూడగానే వాడికి అర్థమైంది.

“ఇది ఏ వీధిది అక్కయ్యా?”

“మనదే.”

“ఎప్పటిది?”

“చవితి నాటిది.”

చెప్పాను. చీర, దండెం, అరవై మూడు, పన్నెండు, అన్నీ చెప్పాను. వాడు పీట మీద కూర్చుండిపోయాడు. వాడి భార్య రాజ్యం వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది.

వాడన్నాడు: “విశాలికి చెప్పావా?”

“లేదు.”

“చెప్పకు. పున్నమి వెళ్ళనీ. దాని ఉద్యోగం పక్కా కావాలంటే ఈ పత్రం ఒప్పుకోవాలి. తరవాత మెల్లగా సర్దుదాం.”

“ఎలా సర్దుతాం?”

“చీర ఒక్కసారిగా తీసేస్తే పది కాస్తా అరవై అవుతుంది, ఎవరో వచ్చి అడుగుతారు. రోజుకో జానెడు జరుపు. పది, పద్ధెనిమిది, ఇరవై అయిదు... చలికాలం కదా, మంచుకు పెరిగిందనుకుంటారు. నెల తిరిగేసరికి చీర చీర దారినా, పెట్టె పెట్టె దారినా ఉంటాయి.”

“ఆ నలభై వీధులో?” అంది రాజ్యం.

“నువ్వుండు. పులుసు మాడుతోంది చూడు.”

“పులుసు దించే వచ్చాను.”

నరహరి నా వైపు తిరిగాడు. “నువ్వు కావాలని చెయ్యలేదు కదా అక్కయ్యా. మడి కోసం చేశావు.”

చవితి దాకా అది నిజం. ఆ తరవాత కాదు. వాడికి ఆ మాట చెప్పలేదు. సాయంత్రం డాబా మీదికి వెళ్ళి దండెం ఒక జానెడు జరిపాను.

నమోదు 334. ఏకాదశి

పంతొమ్మిది. 96 బండ్లు.

ఉపవాసం. ఇంకో జానెడు జరిపాను.

బండ్లు తగ్గాయి కదా అని మనసు ఊరటపడబోయింది. ఆ ఊరటకు సిగ్గుపడ్డాను. తొంభై ఆరు కూడా నేను వేసిన సంఖ్యే.

విష్ణు సహస్రనామం చదవలేదు. ఆయన ముందు కూర్చుని ఊరుకున్నాను.

నమోదు 335. ద్వాదశి

ఇరవై నాలుగు. 81 బండ్లు. ఏడు లోపలే పంపేశాను.

తొమ్మిదింటికి వీధిలో కేకలు. మస్తానయ్య బల్ల మీదికి ఒరిగిపోయాడు. ఇస్త్రీపెట్టె అతని చేతి పక్కనే గుడ్డ కాలుస్తోంది. పక్కింటివాళ్ళు పరిగెత్తి తీగ లాగారు. దారి మధ్యలో మనిషిని చూసి ఒక బండి ఆగింది. దాని వెనక పదమూడు ఆగాయి. అవి అలా ఓపిగ్గా నిలబడి ఉండగా అతన్ని రిక్షాలో ఎక్కించారు. పెదవులు నీలంగా ఉన్నాయి.

పన్నెండు దాటాక సైదమ్మ ఒక్కతే తిరిగి వచ్చింది. కొంగులో మడిచి పెట్టుకున్న కాగితం తీసింది.

“డాక్టరుగారు ఇది ఇచ్చారండి. వీధి గాలి అంకె వేసి, పెట్టె చూసే మనిషి సంతకం పెట్టాలంట.”

“దేనికి?”

“అక్కడ రెండు వార్డులుండాయంటండి. గాలి జబ్బుది ఒకటి, పొగాకు జబ్బుది ఒకటి. దేంట్లో వెయ్యాలో ఈ కాయితం చూసి చెబుతారంట. గాలి జబ్బయితే ఊపిరితిత్తులు కడుగుతారంట. పొగాకయితే మాత్రలిచ్చి ఇంటికి పంపిస్తారంట.” ముక్కు చీది, “పొగాకేలెండి, నాకు తెలుసుగా. తొందరగా వేసివ్వండి, ఒక్కడే ఉన్నాడు” అంది.

కాగితం మీద మూడు గీతలున్నాయి. వీధి పేరు. గాలి అంకె. నమోదు చేయువారి సంతకం.

వీధి పేరు రాశాను.

ఎడమ పేజీ ప్రకారం వేయవలసింది ఇరవై నాలుగు. అది వేస్తే అతన్ని ఇంటికి పంపేస్తారు. పాటలా రోజూ వల్లించే నామాల్లో ఒక్కటీ ఆ క్షణాన గుర్తుకు రాలేదు. అంకె ఒక్కటే గుర్తుంది.

అరవై మూడు అని వేసి సంతకం పెట్టాను. మస్తానయ్య ఏడు నెలల నుంచి బీడీ తాగడం లేదని కింద రాశాను.

సైదమ్మకు చదువు రాదు. “ఎంతేశారు?” అంది.

“అరవై మూడు.”

“అంటే?”

“నలభై దాటకూడదు.”

ఆమె నా మొహంలోకి చూసింది. “మరి మొన్న పదన్నారుగా?”

“పెట్టెకు నా చీర అడ్డం ఉంది, సైదమ్మా. మొదట్లో నాకు తెలియదు. తెలిశాక కూడా తప్పు రాశాను. మొన్న నీతో పది అన్ననాడు నాకు తెలుసు.”

“తెలిసే అన్నారా?”

“తెలిసే అన్నాను.”

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గడప మీద కూర్చుంది.

“ఆర్నెల్లయింది అక్కగారూ, ఆయనతో నేను సరిగ్గా మాట్లాడి. అన్నం పెట్టి అవతలికి పోయేదాన్ని. ఒట్లు వేసినప్పుడల్లా ఇంకా కోపమొచ్చేది.” కాగితం తీసుకుని లేచింది. “ఇది చూపిస్తే కడుగుతారుగా?”

“కడుగుతారు.”

“అయితే పోతన్నా.” నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగింది. “మీరు రాశారంటే చాలనుకునేవోళ్ళం. మా పిల్లలకి కూడా చెప్పేదాన్ని.”

వెళ్ళిపోయింది. నేను విశాలికి ఫోను చేసి సాయంత్రానికి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. మీట నొక్కి చెప్పే మాట కాదనిపించింది.

అదే రోజు సాయంత్రం

క్షీరాబ్ది ద్వాదశి. తులసికోటలో ఉసిరికొమ్మ నాటి దీపాలు పెట్టి ఉంచింది రాజ్యం. పూజ నన్ను చేయమంది. నువ్వే చెయ్యమన్నాను.

విశాలి ఆరింటి పడవకు దిగి వచ్చింది. చేతిలో నగర సభలో చూపించాల్సిన పటాల చుట్ట ఉంది. నన్ను చూసి, “ఒంట్లో బాగాలేదా పెద్దక్కయ్యా?” అంది. దాన్ని డాబా మీదికి తీసుకెళ్ళాను. నరహరి, రాజ్యం వెనకే వచ్చారు. దండెం చూపించాను. మచ్చ ఉన్న చీర చూపించాను. నల్ల బిళ్ళ దాని చేతిలో పెట్టాను. ఈ పుస్తకం కుడి పేజీలు తెరిచి ఇచ్చాను.

అది నిలబడే చదివింది. వెలుతురు తగ్గుతుంటే పుస్తకం దీపం వైపు తిప్పుకుని చదివింది.

“మొత్తం ఎన్ని రోజులు?”

“తెలియక సుమారు మూడు వందలు. తెలిసి తొమ్మిది.”

“తెలియని వాటికి నిన్నేమీ అనను” అంది. “ఏమీ ఉండకూడదు అన్నప్పుడు ఏమేమిటో కూర్చోబెట్టి చెప్పాల్సింది నేను. పదకొండు నెలల్లో ఒక్కసారైనా డాబా ఎక్కి చూసుంటే దండెం కనిపించేది. వచ్చినప్పుడల్లా నీ చేతి పెసరట్టు తిని వెళ్ళిపోయాను. పెద్దక్కయ్య దగ్గరుంది కదా, చూడ్డమెందుకని.”

“విశాలీ—”

“కానీ ఆ తొమ్మిది రోజులు నాకు అర్థం కావట్లేదు. నేను ఫోనులో ఎంత అని అడిగాను. పన్నెండన్నావు. నీ గొంతు ఏమీ మారలేదు.”

దీపం ఒత్తి ఎగదోశాను.

నరహరి గొంతు సవరించుకున్నాడు. “పోనీ ఇలా చేద్దాం. పరికరం చెడిపోయిందని రాసి పత్రం వెనక్కి తీసుకో. దండెం తీసేద్దాం. ఈ తొమ్మిది పేజీలు చింపేస్తే అక్కయ్య పేరు బయటికి రాదు. ఈ వయసులో సభలో నిలబెట్టి—”

“పెట్టె చెడిపోలేదన్నయ్యా” అంది విశాలి. “పెట్టె ఒక్కటే సరిగ్గా పనిచేసింది.”

“మరి రేపు ఈ ఎనభై ఒక్క బండ్ల సరుకు ఎటు తోలమంటావు? పక్క వీధికా? అక్కడ ముప్ఫై ఎనిమిది ఉంది. రెండు రోజుల్లో వాళ్ళూ దగ్గుతారు. చెప్పు, చదువుకున్నదానివి కదా!”

“ఎటూ తోలకు. దొడ్లో ఉంచు.”

“ఉంచితే ఊరు తినేదేమిటి, నీ పత్రమా?”

“పడవలున్నాయిగా” అంది రాజ్యం. అందరం అటు తిరిగాం. “ఈవిడ వచ్చింది పడవ మీదే. బియ్యం బస్తా మనిషికన్నా గొప్పదా, పడవ ఎక్కకపోవడానికి? నాలుగు రోజులు ఆలస్యమైతే పాత బియ్యమే తింటాం.”

నరహరికి నవ్వు వచ్చింది. ఆపుకున్నాడు. నవ్వకూడని చోటని వాడికి తెలుసు.

అప్పుడే ఆసుపత్రి నుంచి సైదమ్మ ఫోను. మస్తానయ్యను గాలి వార్డులో వేశారు. రేపు ఉదయం కడుగుతారు. కడిగాక ఎంత తేరుకుంటాడో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఫోను అతనికి ఇచ్చింది. ఊపిరి అందక మాట మాటకూ ఆగుతూ, “అక్కగారూ, మా ఆవిడ... నా బీడీల సంగతి... నమ్మిందండి” అన్నాడు. అతని గొంతులో సంతోషం ఉంది. అది వినడం నాకు తిట్టు వినడం కన్నా కష్టమైంది.

కిందికి దిగి, నలుగురం నట్టింట్లో చాప మీద కూర్చున్నాం. ఎనిమిదింటికి ఒక మాట మీదికి వచ్చాం. అనుకున్నవి అనుకున్నట్టు రాస్తున్నాను.

విశాలి తన పత్రం రేపు ఉదయమే వెనక్కి తీసుకుంటుంది. ఉద్యోగం ఏమైతే అదవుతుంది.

దండెం ఈ రాత్రే తీసేస్తాం. రేపు పెట్టె ఏ అంకె చూపిస్తే అది వెళుతుంది. వీధికి బండ్లు ఆగిపోతాయి. నరహరి పొద్దున్నే దొడ్డిలో చెప్పి సరుకును ఏటి మీదికి మళ్ళించమని అడుగుతాడు. ఒప్పుకోకపోతే దొడ్డి గేటు దగ్గర కూర్చుంటానన్నాడు. వాడు అలా అంటాడని నేను అనుకోలేదు.

రెండు చీరలూ విశాలి తీసుకెళుతుంది. ముక్కలు కోసి, వాటిలో చిక్కిన పొడి తూచి, ఏ వీధిలో నిజంగా ఎంత ఉందో మళ్ళీ మొదటినుంచి చూస్తుంది.

రేపటినుంచి బిళ్ళ మార్చేది రాజ్యం. పక్కన వీధివాళ్ళలో ఒకరు నిలబడి చూడాలి. మీట నేను ముట్టుకోకూడదు. ఈ మాట నేనే అన్నాను. ఎవరూ కాదనలేదు.

ఈ పుస్తకం చింపకుండా, దిద్దకుండా యూనివర్సిటీకి వెళుతుంది.

నగర సభలో చెప్పవలసింది నేను. విశాలి పక్కన కూర్చుంటుంది, కానీ మాట్లాడదు. ఏం చెప్పాలో అడిగాను. తేదీలు, అంకెలు, నా పేరు చెప్పమంది.

“ఎందుకు చేశావని అడుగుతారు” అన్నాడు నరహరి.

విశాలి నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టు గట్టిగా.

“పెద్దక్కయ్యా, నా కోసం అని మాత్రం చెప్పకు” అంది. “నేనడగలేదు.”

అలాగే అన్నాను. ఆ మాట లేకుండానే చెప్పాలని అందరం ఒప్పుకున్నాం.